పాత పికప్, వదులు స్టీరింగ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నా పికప్‌కి ఇరవై ఏళ్లు దాటాయి. ఇంజిన్‌కి వంక పెట్టడానికి లేదు గానీ స్టీరింగ్ మాత్రం నాలుగు వేళ్ల మేర అటూ ఇటూ తిప్పినా బండి పట్టించుకోదు, తిన్నటి రోడ్డు మీద కూడా దిద్దుకుంటూ పోవాల్సి వస్తోంది. టై రాడ్ ఎండ్లు (చక్రాలని తిప్పే కడ్డీల చివరి కీళ్లు) రెండు వైపులా మార్పించాను, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) రెండుసార్లు చేయించాను, ఏమీ తేడా లేదు. ఇప్పుడు మెకానిక్, స్టీరింగ్ తిప్పుడుని చక్రాల వైపు పంపే స్టీరింగ్ బాక్సే పోయిందంటున్నాడు. మార్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. బాక్స్ పోయి ఉండొచ్చు, కాదనను. కానీ మీరు రాసిన దాంట్లో ఎవరైనా బండి కింద దూరి ఆట (కీళ్లలో వదులు) ఎక్కడుందో చూశారన్న మాట ఒక్కటీ లేదు. రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించానన్నారు చూడండి, నా అనుమానం అక్కడే మొదలైంది. కీళ్లు వదులుగా ఉన్న బండికి అలైన్‌మెంట్ చేయడమంటే ఊగే బల్ల మీద గీత గీసినట్టే, మెషీన్‌లో అంకెలు ముచ్చటగా కనిపిస్తాయి, బండి కిందికి దిగగానే ఏ చక్రం దారి దానిదే.

ముందు ఈ పరీక్ష చేయండి, దీనికి పెద్దగా పనిముట్లేమీ అక్కర్లేదు. బండిని సమంగా ఉన్న నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టండి. జాకీ ఎక్కించొద్దు, బరువు చక్రాల మీదే ఉండాలి, ఎందుకంటే చక్రం గాల్లో ఉంటే టైరు నేలని పట్టుకోదు, ఆ పట్టు లేకపోతే కీలులోని ఆట బయటపడదు. ఇంట్లో ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టి, పవర్ స్టీరింగ్ అయితే ఇంజిన్ ఆన్ చేసి గేరు న్యూట్రల్‌లో పెట్టి, స్టీరింగ్‌ని గడియారంలో పదకొండు నుంచి ఒంటిగంట దాకా మాత్రమే అటూ ఇటూ ఆడిస్తూ ఉండమనండి. మీరు టార్చి పట్టుకుని కింద చూడండి (ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా ఉండాలి, వేలాడే బట్టలు వద్దు).

చూడ్డంలో ఒక వరస ఉంది. స్టీరింగ్ రాడ్ ఇంజిన్ గది లోకి వచ్చిన చోటు నుంచి మొదలుపెట్టండి. అక్కడ చాలా పాత బళ్లలో రబ్బరు బిళ్లతో చేసిన కప్లింగో, చిన్న యూనివర్సల్ జాయింటో ఉంటుంది. దాని పై ముక్క తిరిగి కింది ముక్క తిరగడానికి ఆలస్యం చేస్తే సగం కథ అక్కడే తేలిపోయినట్టు. తర్వాత బాక్స్ లోపలికి వెళ్లే షాఫ్ట్, బాక్స్ కింద దాంతో పాటు తిరిగే పిట్‌మన్ ఆర్మ్, అక్కణ్ణుంచి అడ్డంగా వెళ్లే లింక్, ఆ లింక్ రెండో చివర మోసే ఐడ్లర్ ఆర్మ్, చివరికి టై రాడ్లు. ఏ ముక్క కదిలాక దాని పక్కది ఒక క్షణం ఆగి కదులుతుందో, జబ్బు ఆ రెండిటి మధ్యే. కంటికి అందకపోతే కీలు మీద వేలు తేలిగ్గా ఆనించండి, టక్కుమన్న చిన్న దెబ్బ వేలికి తెలుస్తుంది. నలిగే సందుల్లో మాత్రం వేలు పెట్టకండి. రబ్బరు టోపీ చినిగి, చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలి ఉందంటే ఆ కీలు ఎప్పుడో ఎండిపోయిందని అర్థం.

మీ వర్ణన బట్టి నా ఓటు ఐడ్లర్ ఆర్మ్‌కి. నా పాత బండికీ ఇదే జరిగింది, టై రాడ్లు మార్చి, టైర్లు మార్చి, చివరికి కింద పడుకుని చూస్తే ఐడ్లర్ ఆర్మ్ పక్కకి తిరగాల్సింది పోయి గుటకలు వేస్తున్నట్టు పైకీ కిందకీ ఊగుతోంది. అది అలా ఊగితే లింక్ ఎత్తు మారుతుంది, దాంతో ఆ వైపు చక్రం టో (చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ప్రతి గతుక్కీ మారుతూనే ఉంటుంది, ఇక అలైన్‌మెంట్ ఎలా నిలుస్తుంది?

షాఫ్ట్ తిరుగుతున్నా పిట్‌మన్ ఆర్మ్ కదలకపోతే అప్పుడు బాక్స్‌ని అనండి. అప్పుడు కూడా బాక్స్ ఛాసిస్ మీద కదులుతోందేమో, బోల్టులు వదులయ్యాయేమో, వాటి చుట్టూ ఇనుముకి చీలిక వచ్చిందేమో చూశాకే. చాలా బాక్సుల పైన లాక్ నట్‌తో ఒక అడ్జస్టింగ్ స్క్రూ ఉంటుంది, దాన్ని కొంచెం బిగిస్తే ఆట తగ్గుతుంది, నిజమే. కానీ చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే, పావు చుట్టు కూడా మించకుండా బిగించి, నడిపి చూడాలి. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాకపోతే ఎక్కువ బిగించినట్టు, వెంటనే వదులు చేయాలి, లేకపోతే లోపలి పళ్లు అరిగిపోతాయి. కింద కీళ్లలో ఉన్న ఆటని దాచడానికి ఈ స్క్రూ తిప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాతే చక్రాలు ఎత్తండి. స్ప్రింగ్ సస్పెన్షన్ కింది ఆర్మ్ మీద కూర్చునే బండి అయితే జాకీ కింది ఆర్మ్ కింద, బాల్ జాయింట్‌కి (చక్రాన్ని ఆర్మ్‌కి కలిపే గుండ్రటి కీలు) దగ్గరగా పెట్టాలి, ఛాసిస్ కింద పెడితే స్ప్రింగ్ ఒత్తిడికి జాయింట్ బిగుసుకుని ఆట కనపడదు. జాకీని నమ్మి కింద దూరొద్దు, స్టాండ్ తప్పనిసరి. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి, ఆట ఉంటే బ్రేక్ తొక్కించి మళ్లీ ఊపండి. ఆట పోతే వీల్ బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్, మీ బండికి దాని బదులు కింగ్ పిన్ ఉంటే అది.

ఏ కీలు మార్చినా క్యాజిల్ నట్టు (పైన గాట్లున్నది) బిగించాక స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా ఆ గాట్లలోంచి దూర్చేది) రంధ్రం కలవకపోతే వెనక్కి తిప్పకండి, తర్వాతి గాటు దాకా ఇంకొంచెం బిగించండి. అన్నీ అయ్యాక, అప్పుడు అలైన్‌మెంట్.

ప్రశ్న: నాది ముందు కూడా అడ్డంగా ఒకే యాక్సిల్ ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ పికప్. 70 దాటాక ఏ గుంటలోనైనా పడితే స్టీరింగ్ చేతుల్లోంచి ఊడిపోతుందా అన్నట్టు ఊగిపోతుంది, బండి దాదాపు ఆగే దాకా ఆగదు. స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపుని అణిచే షాక్ అబ్జార్బర్) కొత్తది వేయిస్తే నెల రోజులు బాగుంది, మళ్లీ మొదలు. టెన్షన్‌తో పెద్ద రోడ్డెక్కడమే మానేశాను.

జవాబు: డ్యాంపర్ మీ జబ్బుని నెల రోజులు దాచింది, అంతే. యాక్సిల్‌ని పక్కకి జరగకుండా పట్టుకునే ట్రాక్ బార్ ఒకటుంటుంది, ఒక చివర ఛాసిస్‌కి, ఇంకో చివర యాక్సిల్‌కి. పైన చెప్పిన పరీక్షే చేసి, ఈసారి దాని రెండు చివర్లలో ఉన్న బోల్టుల్ని చూడండి. బుష్ రబ్బరు నలిగి ఉండొచ్చు, లేదా బోల్టు రంధ్రం గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉండొచ్చు. ఆ రాపిడికి బోల్టు చుట్టూ ఇనుము తళతళా మెరుస్తూ ఉంటుంది, మురికి పట్టిన బండిలో ఆ మెరుపే సాక్ష్యం. రంధ్రం అరిగితే కొత్త బుష్ వేసినా లాభం లేదు, బ్రాకెట్ పని చేయించాలి. బాల్ జాయింట్లూ, టై రాడ్లూ, టైర్ల బ్యాలెన్సింగ్ కూడా చూపించండి, ఈ ఊపు సాధారణంగా ఒక్క తప్పుతో రాదు. ఇది బాగయ్యే దాకా నెమ్మదిగా వెళ్లండి. ఊపు మొదలైతే స్టీరింగ్‌తో కుస్తీ పట్టకుండా గట్టిగా పట్టుకుని నెమ్మదిగా వేగం తగ్గించండి.

ప్రశ్న: అలైన్‌మెంట్ సరిగ్గానే ఉందంటున్నారు, అయినా బండి ఎడమకి లాగుతోంది.

జవాబు: గాలి రెండు వైపులా సమానంగా ఉందా? ఉంటే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి నడపండి (ఒకే దిశలో తిరగాల్సిన టైర్లు కాకపోతేనే). లాగుడు కుడికి మారితే తప్పు టైరుది. మారకపోతే, బ్రేక్ పెద్దగా వాడకుండా కొంత దూరం నడిపి ఆపి, ముందు రెండు చక్రాల దగ్గరా అరచేయి ఆనించకుండా కొంచెం ఎడంగా పెట్టి చూడండి. ఎడమది బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ వదలడం లేదు. పాత బళ్లలో బ్రేక్ గొట్టం లోపల ఉబ్బిపోయి, తొక్కినప్పుడు ఆయిల్‌ని పోనిచ్చి, వదిలినప్పుడు వెనక్కి రానివ్వదు, బయటికి మాత్రం చక్కగా కనిపిస్తుంది. రెండూ కాకపోతే అలైన్‌మెంట్ కాగితంలో క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) అంకెలు చూడండి. బండి క్యాస్టర్ తక్కువున్న వైపుకే లాగుతుంది. చాలామంది టో ఒక్కటే సరిచేసి అలైన్‌మెంట్ అయిపోయిందంటారు.