వర్జీనియాలో పెరట్లో అమ్మ కోసం చిన్న ఇల్లు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. అయితే అమ్మ పెద్దదైందంటే సరిపోదు. స్నానం, బట్టలు మార్చుకోవడం లాంటి రోజువారీ పనుల్లో కనీసం రెండింటికి సాయం కావాలని వర్జీనియా డాక్టర్ రాసివ్వాలి. 2010 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం, విడి ఇళ్ల జోన్‌లో ఇలాంటి తాత్కాలిక గదికి కౌంటీ (స్థానిక ప్రభుత్వం) స్పెషల్ పర్మిట్ అడగకూడదు. మామూలు పర్మిట్ చాలు, ఫీజు 100 డాలర్లు దాటదు.

గది 300 చదరపు అడుగుల లోపే. అంటే 15 బై 20: మంచం, బాత్రూమ్, వీల్‌చెయిర్ తిరిగేంత చోటు. పక్కా పునాది వేయకూడదు. ఒకరే ఉండాలి, భార్యాభర్తలైతే ఇద్దరు. అవసరం తీరాక 60 రోజుల్లో తీసేయాలి. తర్వాత అద్దెకిద్దామనుకుంటే కుదరదు!

కౌంటీ కంటే ముందు మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) కాగితాలు చదవండి. వర్జీనియాలోనే ఉన్న యాష్‌బర్న్ వైపు మన తెలుగువాళ్ల కాలనీల్లో అసలు తలనొప్పి అక్కడే.