బంతులు వద్దు, కడ్డీలు చేయించండి

అంధ విద్యార్థుల కోసం విశాఖ నెలవారీ వర్షపాతాన్ని మట్టి బంతులుగా చేశానని, అక్టోబరు బంతి తాకితే ఉన్నదానికంటే ఎంతో పెద్దదిగా తోస్తోందని రాశారు. లోపం పిల్లల చేతుల్లో లేదు, బంతిలోనే ఉంది. వ్యాసం రెట్టింపు చేస్తే ఘనపరిమాణం ఎనిమిది రెట్లవుతుంది, బరువూ అంతే. వ్యాసాన్ని ఘనమూలం ప్రకారం పెంచవచ్చు గానీ, అప్పుడు తేడాలు వేళ్లకు సరిగా అందవు. పైగా బంకమట్టి ఆరితే కుంచించుకుపోతుంది.

ఒకే మందమున్న కర్ర కడ్డీలు తీసుకుని ఎత్తు మాత్రమే మార్చండి. 20 మిల్లీమీటర్ల వానకు ఒక సెంటీమీటరు చాలు: 200 పడితే 10 సెంటీమీటర్లు, 10 పడితే అర. లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక మీకు దగ్గరే కదా, అంకుడు కర్రను తరిమెన (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టేవారికి ఇది చిన్న పని. లక్క రంగులు ఎంత ముచ్చటగా ఉన్నా ఈ పిల్లలకు ఉపయోగపడవు, తుఫాను నెలల కడ్డీలపై గరుకు గాట్లు పెట్టించండి.

2014 అక్టోబరు ఒక్కటే తీసుకోకండి. ఆ నెల 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. చాలా ఏళ్ల సగటు వాడండి. కడ్డీల మధ్య వేలు దూరేంత ఖాళీ వదలండి, బ్రెయిలీలో నెల పేరు ముందువైపు అతికించండి.