పాత తుపాకీలో సీసం లేని తూటాలు: మేనల్లుడికి ఒక లేఖ

కావలి

చిరంజీవి మేనల్లుడికి మేనమామ ఆశీస్సులు.

ఇంగ్లండులో వందేళ్ల నాటి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ కొన్నావనీ, బాతుల వేటకు స్టీలు గుళ్ల తూటాలు తెచ్చుకోబోతున్నావనీ రాశావు. లైసెన్సు ఉందన్నావు గనుక ఆ విషయం వదిలేస్తాను. పటాలంలో ఆయుధాల మరమ్మతు చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి తుపాకీ గురించే చెబుతాను. తూటాల పెట్టె కొనే ముందే ఇది చదువు.

సీసం వద్దనడం న్యాయమే. నీటి అడుగున పడిన గుళ్లను బాతులు రాళ్లనుకొని మింగితే అవి కందనకాయలో అరిగి విషమై రక్తంలో కలుస్తాయి. అందుకే అక్కడ 1999 నుంచి నీటిపక్షుల వేటలో సీసాన్ని నిషేధించారు. పులికాట్ బాతులను చూస్తూ పెరిగిన మనకు దీనిమీద పేచీ ఉండకూడదు.

అయితే సీసం మెత్తనిది. చోక్ దగ్గర, అంటే గొట్టం చివర ఇరుకయ్యే చోట, నలిగి సర్దుకుపోతుంది. స్టీలు నలగదు. ఆ ఒత్తిడంతా పలుచని పాత గొట్టం భరించవలసి వస్తుంది, అప్పుడు చోక్ వెనుక ఉంగరంలా ఉబ్బు తేలవచ్చు. మామూలు స్టీలు తూటాకైనా చోక్ సగానికి (హాఫ్ చోక్) మించి ఉండకూడదన్నది అక్కడి నిపుణుల సలహా. నీ తుపాకీ ఎడమ గొట్టం ఫుల్ చోక్, అంటే బాగా ఇరుకైనది, అయి ఉండవచ్చు, ఆనాటి తుపాకులలో అది సాధారణమే.

ముందుగా గొట్టాల అడుగుభాగంలో ప్రూఫ్ ముద్రలు, అంటే గొట్టం బలాన్ని పేల్చి పరీక్షించారని తెలిపే గుర్తులు, చూడు. 'నైట్రో ప్రూఫ్' అని, అంటే పొగరాని ఆధునిక మందుకు పరీక్షించినట్టు, లేకపోతే అది నల్లమందు కాలానిదే కావచ్చు. ఆధునిక తూటా ఏదీ అందులో పెట్టవద్దు. గొట్టం మీద పాము కుబుసంలా మెలికల చారలు కనిపిస్తే అది ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికిన డమాస్కస్ గొట్టం. దానికి స్టీలు ఎన్నటికీ పనికిరాదు.

చేంబర్, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటు, దాని పొడవు విషయంలో చాలామంది మోసపోతారు. పాత తుపాకుల చేంబర్ తరచుగా రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. 70 మిల్లీమీటర్ల తూటా కూడా అందులో హాయిగా కూర్చుంటుంది, ఎందుకంటే పెట్టె మీద వేసే కొలత పేలిన తరువాత మూతి విచ్చుకున్న తూటా డొల్లది. మూతి విచ్చుకోవడానికి చోటు లేకపోతే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కాబట్టి లోపల పట్టిందా అని కాదు, ముద్ర మీద, పెట్టె మీద అంకెలు కలిశాయా అని చూడాలి.

నా మాట వింటే ఈ తుపాకీకి బిస్మత్ అనే లోహపు గుళ్ల తూటాలు తీసుకో. అది దాదాపు సీసమంత మెత్తగా ఉంటుంది గనుక చోక్‌ను బాధించదు. ఖరీదు మాత్రం ఎక్కువ. సాంద్రత సీసానికి 11.3 అయితే దీనికి 9.7 మాత్రమే, కాబట్టి గుండు ఒక సైజు పెద్దది ఎంచుకో. టంగ్‌స్టన్ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. కొన్ని మెత్తనివి, కొన్ని స్టీలుకంటే గట్టివి. తయారీదారు పాత తుపాకులకు తగినదని రాస్తేనే కొను. స్టీలే కావాలంటే దానికి తగిన కొత్త తుపాకీ కొనుక్కో.

ఉబ్బు ఎలా ఉంటుందో నేను ఒక్కసారి కళ్లారా చూశాను. ఉదయగిరి వైపు ఒక రైతు పంట కాపలా తుపాకీ గొట్టంలో కందిరీగ మట్టిగూడు పెట్టింది, చూసుకోకుండా పేల్చాడు. చేతికి ఏమీ కాలేదు గానీ గొట్టం మధ్యలో వేలికి తగిలేంత ఉబ్బు లేచింది. కాబట్టి ప్రతిసారీ తూటా పెట్టేముందు తుపాకీ తెరిచి గొట్టాన్ని వెలుగువైపు పట్టి లోపల చూడు. నల్లని ఉంగరంలా నీడ కనిపిస్తే పేల్చకుండా గన్‌స్మిత్‌కు చూపించు. పేలుడు చప్పుడు బలహీనంగా వచ్చినా ఆగి చూడు, వాడ్, అంటే తూటాలో మందుకూ గుళ్లకూ మధ్య ఉండే బిరడా, లోపలే చిక్కుకొని ఉండవచ్చు.

గొట్టాల గోడ మందం, బోరు (లోపలి వ్యాసం) కొలత గన్‌స్మిత్ చేత కొలిపించి, ప్రూఫ్ ముద్రల ఫొటోలతో కలిపి నాకు పంపు. అంతవరకు తుపాకీ బీరువాలోనే ఉండనీ.

నీ మేనమామ