ములుగు, కెరమెరి రోడ్లకు ఏ స్పోర్ట్స్ కారు?

హన్మకొండలో ఉంటానని, బడ్జెట్ 15 లక్షల లోపేనని, ఆదివారాలు తాడ్వాయి అడవి రోడ్డు, అప్పుడప్పుడు ఆసిఫాబాద్ వైపు కెరమెరి ఘాట్ తిరగడానికి మజా ఇచ్చే స్పోర్ట్స్ కారు కావాలని అడిగారు. ఈ రోడ్ల మీద నేను కొన్నేళ్లుగా తిరుగుతున్నా. హార్స్‌పవర్ సంగతి ముందు పక్కన పెట్టండి.

రెండేళ్ల కింద మా బావ హైదరాబాద్ నుంచి రెండు సీట్ల కారు ఒకటి తెచ్చాడు. ఏ కంపెనీదో ఎందుకులెండి. మూడు వందలకు పైగా హార్స్‌పవర్, నేలకు జానెడు ఎత్తు కూడా లేదు. ములుగు దాకా దర్జాగా పోయాం. పస్రా దాటి లోపలి రోడ్డు పట్టగానే మొదటి ఊళ్లోనే కారు కడుపు కింద గర్రుమంది. ఊరోళ్లు సొంతంగా పోసుకున్న సిమెంటు స్పీడ్ బ్రేకర్ అది. బావ దిగి వంగి చూస్తుంటే నేను స్టీరింగ్ తిప్పి ఏటవాలుగా దాటించా. ఆ తర్వాత రోజంతా ఆయన చూపు మలుపుల మీద లేదు, గుంతల మీదే. తిరుగు ప్రయాణంలో "నీ పోలో తెచ్చుకున్నా అయిపోయేది" అన్నాడు.

మన దగ్గర మలుపు తిరిగాక ఏముంటుందో తెలియదు. యాసంగి కోతలప్పుడైతే సగం రోడ్డు వడ్లే, అంచున రాళ్లు. రాత్రిపూట నల్ల టార్పాలిన్ కప్పిన కుప్ప దగ్గరికొచ్చేదాకా కనబడదు. వెనక లైట్లు లేని ట్రాక్టర్లు, బర్రెలు సరేసరి. అందుకే 60లో పోతున్నా సరదాగా అనిపించే కారు కావాలి. బరువు తక్కువ ఉండాలి, రెండు మూడు గేర్లలో బాగా లాగాలి, స్టీరింగ్ చెప్పినట్టు వినాలి. 1989లో వచ్చిన మజ్దా మియాటాకు పేరొచ్చింది ఇందుకే: చిన్న ఇంజిన్, టన్ను దగ్గర బరువు. దాన్ని ఇక్కడ అమ్మరు. అమ్మినా ఆ సిమెంటు దిమ్మె దాటదు.

నాది సెకండ్ హ్యాండ్ ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్‌ఐ (టర్బో పెట్రోల్), మాన్యువల్. 110 పీఎస్ (ఇంచుమించు హార్స్‌పవరే), లాగే బలం అంటే టార్క్ 175 ఎన్‌ఎం. 2022లో ఆపేశారు కాబట్టి సర్వీస్ రికార్డు మొత్తం చూడకుండా కొనొద్దు. కొత్తదే కావాలంటే హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ చూడండి. 120 పీఎస్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, మామూలు ఐ20 కంటే గట్టి సస్పెన్షన్. 2023 నుంచి క్లచ్ పెడల్ ఉన్న మాన్యువల్ ఇస్తున్నారు, అంతకుముందు వచ్చిన ఐఎంటీకి (గేరు మనమే మార్చాలి, క్లచ్ దానంతటదే పడుతుంది) ఆ పెడలే లేదు. ఇంట్లో నలుగురూ ఎక్కుతామంటే ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల సెడాన్ వర్టస్ 1.5 సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. 150 పీఎస్ ఉన్నా గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ కారు కడుపుకూ మధ్య ఎత్తు) 179 మిల్లీమీటర్లు, మన ఊళ్లకు సరిపోతుంది. ఇంత ఖర్చెందుకు అనుకుంటే 2018 తర్వాతి స్విఫ్ట్ పెట్రోల్, దానికి మంచి టైర్లు. బరువు 900 కిలోల చుట్టే. నవ్వకండి, కెరమెరి ఎక్కుతుంటే ఆ ఇంజిన్‌ను బాదుకుంటూ పోవడంలో మజాయే వేరు.

ఏది కొన్నా మొదటి ఖర్చు టైర్లకూ బ్రేక్ ఆయిల్‌కూ పెట్టండి, సైలెన్సర్ సౌండ్‌కు కాదు. బ్రేక్ ఆయిల్ పాతబడేకొద్దీ తేమ పీలుస్తుంది. ఘాట్ దిగేటప్పుడు అదే పనిగా బ్రేక్ మీద కాలుంచితే ఆయిల్ వేడెక్కి, ఆ తేమ ఆవిరై, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. నాకు ఒకసారి అయింది, ఆ పది నిమిషాల టెన్షన్ చెప్పలేను. అప్పటినుంచి దిగేటప్పుడు రెండో గేరే.

టెస్ట్ డ్రైవ్ షోరూం వాళ్లు చెప్పినట్టు చౌరస్తా చుట్టూ తిప్పి ఊరుకోకండి. వెనక ముగ్గురిని కూర్చోబెట్టుకుని ములుగు రోడ్డు మీద ఏదైనా ఊళ్లోకి తీసుకెళ్లి, అక్కడి స్పీడ్ బ్రేకర్ ఒక్కటి దాటించి చూడండి.