నాన్నగారు చూసిన చీకటి శిక్ష కాదు

ప్రశ్న: మేం మల్కాజిగిరిలో ఉంటాం. ఆమధ్య నాన్నగారికి గుండె ఆగిపోతే ఆసుపత్రిలో బతికించారు. ఆ సమయంలో అంతులేని చీకట్లో ఒంటరిగా ఉన్నానని, ‘నువ్వు అసలు లేనే లేవు’ అన్న మాట వినిపించిందని ఒక్కసారే చెప్పారు. అప్పటినుంచి రాత్రిళ్లు లైటు ఆర్పనివ్వరు. ‘ఏ పాపం చేశాడో’ అని మేనత్త అంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ నాన్నగారు విన్న మాటను అంతకుముందు విన్నవాళ్లున్నారు. అమెరికాకు చెందిన నాన్సీ ఇవాన్స్ బుష్‌కు 1962లో ప్రసవ సమయంలో ఇలాంటి శూన్యమే ఎదురైంది. నువ్వు ఎన్నడూ లేవన్న మాటే ఆమెకూ వినిపించింది. తరువాత ఆమె, మానసిక వైద్యుడు బ్రూస్ గ్రేసన్ కలిసి 1992లో చావు అంచుల దాకా వెళ్లినవారికి కలిగే ఇటువంటి భయపెట్టే అనుభవాలను మూడు రకాలుగా వివరించారు: ఇతరులకు హాయిగొలిపే వెలుగే కొందరిని భయపెట్టడం, అంతులేని శూన్యం, నరకాన్ని తలపించే దృశ్యాలు. పురిటి మంచం మీదున్న తల్లి ఏ పాపం చేసిందని ఆ శూన్యాన్ని చూసింది? మంచివాళ్లకు వెలుగు, చెడ్డవాళ్లకు చీకటి అన్న లెక్కకు ఆధారమేమీ లేదు కనుక మేనత్తగారి మాట ఆ ఇంట్లో మళ్లీ వినిపించకుండా మీరే చూడాలి.

ఇంట్లో ఎవరైనా పోతే గరుడ పురాణం చదివించుకునే మనకు ఆ చీకటి అనగానే శిక్షే గుర్తుకు రావడం సహజం. పరిశోధకులు సత్వంత్ పస్రిచా, ఇయాన్ స్టీవెన్సన్ 1986లో ప్రచురించిన, చావు అంచుల దాకా వెళ్లి వచ్చిన ఉత్తర భారతీయుల 16 ఉదంతాలలో యమదూతలు తీసుకువెళ్లడం, అక్కడ చిట్టా చూసి ‘ఈ మనిషి కాదు’ అని వెనక్కి పంపడం తరచుగా కనిపిస్తుంది. పాశ్చాత్యుల కథనాలలో ఈ చిట్టా ఊసే సాధారణంగా ఉండదు. అనుభవానికి మనసు తాను పెరిగిన వాతావరణం నుంచే రూపం ఇస్తుందని నేను అనుకుంటాను.

ఇలాంటిది ఎదురైనవారిలో కొందరు దాన్ని హెచ్చరికగా తీసుకుని జీవితాన్ని మార్చుకుంటారు, కొందరు మందుల ప్రభావమని సరిపెట్టుకుంటారు, మరికొందరు ఏళ్ల తరబడి దానితో పెనుగులాడుతారు. వీటిలో ఏది ఎంచుకోవాలో నాన్నగారికి మీరు చెప్పకండి. ‘ఆక్సిజన్ అందక అలా అనిపించి ఉంటుందిలే’ అని ప్రేమతోనే అన్నా, ఆయన చెప్పదలచుకున్నది అక్కడితో ఆగిపోతుంది. సాయంత్రం ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని ‘అప్పుడు ఎలా అనిపించింది నాన్నా’ అని అడిగి, ఎంత చెబితే అంత వినండి. లైటు గురించి వాదించకండి.

గుండె ఆగి బతికినవారిలో పీడకలలు, దిగులు, నిద్రలేమి తరచుగా కనిపిస్తాయి కనుక గుండె డాక్టరుకు ఈ సంగతి దాచకుండా చెప్పి, మానసిక వైద్యునికి కూడా చూపించండి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు వినగానే జంకే అలవాటు మన నగరంలో ఇంకా పోలేదు. అందువల్ల ఆలస్యమయ్యే కుటుంబాలను తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. ఇక బతకడం ఎందుకన్న మాట ఆయన నోట వస్తే మాత్రం మరునాటి దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.