మంచు కురిసే టీవీ ప్రేమకథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి స్రవంతికి,

అమెరికా టీవీకి క్రిస్మస్ ప్రేమకథగా నువ్వు రాసి పంపిన 97 పేజీల స్క్రిప్టు రెండుసార్లు చదివాను. బోస్టన్ నుంచి లెక్కలు చూడటానికి వచ్చిన ఎలెన్, వెర్మాంట్‌లో ఒక చిన్న ఊళ్ళో మూతపడబోతున్న చెక్కబొమ్మల దుకాణం, దాన్ని నడిపే టామ్, అతని ఎనిమిదేళ్ళ కూతురు లిలీ, డిసెంబరు 24 రాత్రి ఊరి చెట్టుకు దీపాలు వెలిగించే వేడుక. అన్నీ రాసి చివర్లో అడిగావు: "ఇలాంటివి వందలున్నాయి కదా, నేను కొత్తగా ఏం చెయ్యగలను?" అని.

ఒకేలా ఉండటం ఈ సినిమాల లోపమని అనుకోకు. చూసేవాళ్ళు ఆ పోలిక కోసమే కూర్చుంటారు. అమెరికాలో హాల్‌మార్క్ అనే టీవీ ఛానల్ 2009 నుంచి 'కౌంట్‌డౌన్ టు క్రిస్మస్' అని పేరు పెట్టి వీటిని వరసగా వేస్తోంది. ఇప్పుడు అక్టోబరులోనే మొదలవుతాయి, ఒక సీజన్‌లో ముప్పై నలభై కొత్త సినిమాలు వచ్చిన ఏళ్ళున్నాయి. చివరికి ఏమవుతుందో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది, అయినా జనం చూస్తారు. పెళ్ళి అవుతుందని తెలిసే పెళ్ళికి వెళ్తాం కదా, అలాగన్నమాట. అసలు లోపం వేరే చోట ఉంది. పండగ ఒక దారి, ప్రేమ ఒక దారి, వాళ్ళ మధ్య అడ్డంకి ఇంకో దారి పడితే సినిమా అట్టపెట్టెలా తేలిపోతుంది. ఆ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని నడిస్తే పాత కథే మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. నీ స్క్రిప్టులో మూడూ ఉన్నాయి గాని విడివిడిగా ఉన్నాయి.

ముందు ఈ తరహా నీకు ఉచితంగా ఇస్తున్నవేమిటో చూసుకో. మొదటిది గడువు. వేరే కథల్లో గడువు పుట్టించడానికి రచయిత నానా తంటాలూ పడాలి, ఇక్కడ క్యాలెండరే ఆ పని చేస్తుంది. రెండోది చిన్న పందెం, అంటే కథలో పోగొట్టుకునేది చిన్నదే కావడం. ఒక దుకాణం, ఒక బృందగానం, ఒక చెట్టు, అంతే. ప్రపంచం మునిగిపోనక్కర్లేదు, కాబట్టి అమ్మమ్మా మనవరాలూ పక్కపక్కన కూర్చుని చూడొచ్చు. మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: ప్రేమించుకునేవాళ్ళు పెద్దవాళ్ళు. భార్య పోయినవాడు, ఒంటరిగా బిడ్డను పెంచుకుంటున్న ఆవిడ, నలభైకి దగ్గరపడ్డవాళ్ళు. మన తెరమీద ముప్పై ఎనిమిదేళ్ళ ఆడమనిషి రెండో ప్రేమకథ ఎంత అరుదో నీకు తెలుసు. ఇక్కడ అది మామూలు సంగతి. టామ్‌కి నువ్విచ్చిన వయసు బాగుంది, మార్చకు.

ఇక కొలతలు. రెండు గంటల స్లాటులో ప్రకటనలు పోగా సినిమాకు మిగిలేది దాదాపు 84 నిమిషాలు. మాటలు ఎక్కువ కాబట్టి పేజీలు నిమిషాలకన్నా కాస్త ఎక్కువే పడతాయి, నీ 97 సరిపోతుంది. మామూలుగా తొమ్మిది యాక్టులు, అంటే ప్రకటనల బ్రేకుల మధ్య వచ్చే కథాభాగాలు, మధ్యలో ఎనిమిది బ్రేకులు. మొదటి యాక్టు అన్నిటికన్నా పొడుగు, పద్దెనిమిది ఇరవై పేజీలు, ఎందుకంటే మనిషి కథలో కూరుకుపోయేదాకా బ్రేకు ఇవ్వరు. ఆ తర్వాతవి తొమ్మిది పది పేజీల చొప్పున పడితే చాలు. నీ మొదటి యాక్టు 11వ పేజీలో అయిపోయింది, అప్పటికి ఎలెన్ ఇంకా కారు దిగలేదు. ఇద్దరూ ఎదురుపడటం, ఒకరంటే ఒకరికి గిట్టకపోవడం, తప్పనిసరై ఒకే పని భుజానికెత్తుకోవడం, ఈ మూడూ మొదటి బ్రేకుకు ముందే జరిగిపోవాలి.

చూసేవాళ్ళు ఎలా చూస్తారో కూడా గుర్తుంచుకో. మనిళ్ళలో సాయంత్రం సీరియల్ చూస్తూ కూర తరిగినట్టే, అక్కడ బహుమతులకు కాగితం చుడుతూ చూస్తారు. చూపు సగం ఇటు, చెవి సగం అటు. అందుకే ప్రతి బ్రేకు తర్వాత మొదటి అరనిమిషంలో ఎవరు, ఏం కావాలి, ఎన్నాళ్ళుంది అన్నవి చెవిన పడాలి. నువ్వు దానికోసం ఎలెన్ చేత ఫోన్లో మొత్తం కథ మళ్ళీ చెప్పించావు, నాలుగుసార్లు. అవన్నీ తీసెయ్. దుకాణం కిటికీలో 'ఇంకా ఇన్ని రోజులు' అని చెక్క అంకెల పలక పెట్టు. లిలీ పొద్దున్నే వచ్చి "నాన్నా, ఈ రోజు తొమ్మిది వెయ్యాలి" అంటే చాలు, గడువు తెలిసిపోతుంది. ఒకరోజు ఆ అంకె మార్చడం మర్చిపోతారు. ఆ ఇంట్లో ఏదో తేడా జరిగిందని ఒక్క మాట లేకుండా అర్థమవుతుంది.

తర్వాత చెప్పేది స్క్రిప్టు రాసేవాళ్ళు చాలామంది పట్టించుకోరు, కాని నువ్వు పట్టించుకోవాలి. ఈ సినిమాల షూటింగు దాదాపు పదిహేను రోజుల్లో అయిపోతుంది. అంటే రోజుకు ఆరేడు పేజీలు. అమెరికా ఊళ్ళ కథలే అయినా చాలావరకు తీసేది కెనడాలో, బ్రిటిష్ కొలంబియా, అంటారియో రాష్ట్రాల్లో, అక్కడి ప్రభుత్వాలు ఇచ్చే పన్ను రాయితీల కోసం. ఒటావా పక్కనున్న ఆల్మాంట్ లాంటి ఊళ్ళ రాతి కట్టడాలు, ఇటుక దుకాణాలు ఎన్ని సినిమాల్లో న్యూ ఇంగ్లండు (నీ వెర్మాంట్ ఉన్న ఈశాన్య అమెరికా ప్రాంతం) వేషం కట్టాయో. చాలాసార్లు తీసేది ఎండాకాలంలో. జూన్‌లో వాంకూవర్‌లో సూర్యుడు అస్తమించేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది, తెల్లవారుజామున అయిదింటికే మళ్ళీ వెలుగు. నువ్వు ఆరుబయట రాత్రి సీన్లు పదకొండు రాశావు, వాటిలో నాలుగింట్లో లిలీ ఉంది. చిన్నపిల్లలు పనిచేసే గంటలకు నియమాలుంటాయి, అర్ధరాత్రి ఆ పిల్లను ఎవరూ నిలబెట్టలేరు. బయట రాత్రి రెండే ఉంచు: దీపాలు వెలిగించే వేడుక, ఆఖరి సీను. మిగతావి ఇంట్లోకి తీసుకురా. ఇంట్లో రాత్రి కావాలంటే కిటికీలకు నల్లగుడ్డ కట్టి పట్టపగలే తీసుకుంటారు.

మంచు సంగతీ అంతే. కాగితపు మంచు, తెల్లటి దూది దుప్పట్లు, నురుగు, పిండిచేసిన ఐసు, వీటితో కప్పగలిగేది ఒక గుమ్మం, ఒక మెట్ల వరస, రెండు పొదలు. 'మంచు కప్పుకున్న లోయ' అని నువ్వు ఒక్క వాక్యంలో రాసింది వాళ్ళకు ఒక రోజు ఖర్చు. కాగితపు మంచు చేతిలో ఉండ కట్టదు. మంచు ఉండలతో కొట్టుకునే సీను కావాలంటే ఐసు తెప్పించాలి, అది ఎండకు కరుగుతుంది, ఉన్నికోట్ల లోపల నటులకు చెమటలు పడతాయి. నువ్వు అలాంటివి మూడు రాశావు. ఒకటి ఉంచుకో, అదీ పొట్టిది. లొకేషన్లు 31 ఉన్నాయి. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు సామాను కదిలితే గంటా రెండు గంటలు పోతాయి కాబట్టి పన్నెండుకు తగ్గించు. దుకాణం, దాని వెనక వర్క్‌షాపు, పైన వాళ్ళ ఇల్లు ఒకే కట్టడంలో పెడితే సగం పని అక్కడే తీరుతుంది.

కాఫీ కప్పు గురించి ఒక మాట. ఈ సినిమాలు చూసేవాళ్ళు ఎక్కువగా పట్టుకునే తప్పు ఖాళీ కప్పు. నటి దాన్ని గాల్లో అలా ఊపేస్తుంది, బరువు ఉండదు, నమ్మకం పోతుంది. ఆ తప్పు సెట్టు మీద జరిగినా మందు రచయిత చేతిలో ఉంది. 'ఇద్దరూ కోకో పట్టుకుని నడుస్తారు' అని రాస్తే కప్పు ఖాళీగానే వస్తుంది. 'మూత తీసి ఊదుతుంది, మార్ష్‌మాలో సగం కరిగింది, అతని కప్పులోకి తోస్తుంది' అని రాస్తే కప్పు నింపక తప్పదు.

ఇప్పుడు నీ 34వ పేజీ, జింజర్‌బ్రెడ్ ఇల్లు, అంటే అల్లం బిస్కెట్ పలకలతో బొమ్మరిల్లు కట్టే సీను. నువ్వు అందరూ చేసేదే చేశావు: ఇద్దరూ నవ్వుతారు, ఆమె ముక్కుకు పిండి అంటుతుంది, అతను తుడుస్తాడు. ఈ తరహా సినిమాల బలమూ బలహీనతా పక్కపక్కనే కనిపించేది ఇలాంటి చోటే. ఇద్దరు చేతులతో కలిసి పనిచెయ్యడం చాలా గొప్ప సాధనం. కాని ఆ పని నిజమైన పని అయితేనే. ఆ ఇల్లు ఎలా కడతారో తెలుసుకుని రాయి. గోడలు అతికించే ఐసింగ్ కోసం అరకిలో ఐసింగ్ షుగర్‌కు (మెత్తటి పంచదార పొడికి) రెండు మూడు గుడ్ల తెల్లసొన వేసి, గరిటె తీస్తే కొన నిలబడేంత గట్టిగా గిలక్కొట్టాలి. పల్చగా ఉంటే గోడలు జారతాయి. బిస్కెట్ పలకలు పొయ్యిలో కాస్త పొంగి అంచులు వంకర పోతాయి, వేడి మీదుండగానే కోసి సరిచెయ్యాలి, లేకపోతే మూలలు కలవవు. గోడలు నిలబెట్టాక ఐసింగ్ పట్టేదాకా చేతులు తియ్యకూడదు. ఆపైన కొన్ని గంటలు ఆరనిచ్చాకే పైకప్పు పెట్టాలి.

ఇందులో నీ సీను మొత్తం ఉంది, చూశావా? నాలుగు గోడలు, నాలుగు చేతులు, ఎవరూ వదలడానికి లేదు. ఫోను మోగినా ఎత్తలేరు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కదలకుండా నిలబడాలి, మాట్లాడక తప్పదు. టామ్ తన భార్య గురించి చెప్పేది అప్పుడు. గోడలు ఆరాలి కాబట్టి అతను వెళ్ళిపోయి రాత్రి పదింటికి పైకప్పు పెట్టడానికి మళ్ళీ రావాలి, రావడానికి సాకు వెతకనక్కర్లేదు. ఈ సీన్‌ను 56వ పేజీకి జరుపు. 60వ పేజీలో నువ్వు పెట్టిన ముద్దు తీసెయ్. ఈ ఛానళ్ళ ఆనవాయితీ ప్రకారం ముద్దు ఒక్కటే, అదీ ఆఖరి రెండు నిమిషాల్లో. దానికి ముందు ఒకసారి దాదాపు ముద్దుదాకా వచ్చి ఆగాలి. నువ్వు మూడుచోట్ల ఫోన్ మోగించి ఆపావు. ఇక్కడ పైకప్పుమీద ఆమె చెయ్యి ఒక్క క్షణం ముందు వదలనీ. పైకప్పు జారిపోతుంది. వాళ్ళను ఆపింది వాళ్ళ తొందరే.

78వ పేజీ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. "ఆ దుకాణం మూసెయ్యక తప్పదు" అని ఎలెన్ ఫోన్లో అంటుంటే టామ్ తలుపు దగ్గర విని, మిగతా వాక్యం వినకుండా వెళ్ళిపోతాడు. ఈ తరహాలో ఇంతకన్నా అరిగిపోయిన మలుపు లేదు. ఒక్క నిమిషం ఆగి అడిగితే తీరిపోయే గొడవ మీద పదిహేను పేజీల దుఃఖం నిలబడదు, చూసేవాళ్ళకు టామ్ మీద జాలి బదులు విసుగొస్తుంది. అపార్థం తీసేసి అర్థం పెట్టు. ఎలెన్ నిజంగానే డిసెంబరు 10న, ఆ ఊరు చూడకముందు, అంకెలు మాత్రమే చూసి, దుకాణం మూసెయ్యమని అప్పిచ్చిన బ్యాంకుకు రాసి సంతకం పెట్టింది. ఆ ఉత్తరం 22న టామ్ చేతికి అందుతుంది. మనకు ముందే తెలుసు, అతనికి తెలియదు. మధ్యలో రెండుసార్లు చెప్పబోయి ఆగిపోతుంది, ఒకసారి ఆ జింజర్‌బ్రెడ్ గోడలు పట్టుకున్నప్పుడే. అప్పుడు విడిపోవడం న్యాయం, క్షమించడం బరువైన పని.

దుకాణాన్ని ఊరంతా చందాలేసుకుని 23న కాపాడటం కూడా వద్దు. చందా ఒక నెల అప్పు వాయిదా కడుతుంది, మరుసటి సంవత్సరం సంగతి? ఎలెన్ లెక్కలు తెలిసిన మనిషి. జింజర్‌బ్రెడ్ సీను కదిలాక 34వ పేజీ ఖాళీ అవుతుంది కదా, అక్కడ ఇద్దరి చేతా ఖాతా పుస్తకాలు తెరిపించు. బొమ్మలమ్మే కొట్టుకు అమ్మకం దాదాపు అంతా నవంబరు, డిసెంబరుల్లోనే, వాయిదాలు మాత్రం పన్నెండు నెలలూ సమానం. ప్రతి వేసవిలో కొత్త అప్పు, దాని మీద వడ్డీ. వాయిదాలను సీజన్ ప్రకారం మార్చి రాసిస్తే దుకాణం నిలబడుతుంది. అది ఆమెకు తప్ప ఊళ్ళో ఎవరికీ తట్టదు. దీంతో ఇంకో పెద్ద జబ్బుకూ మందు దొరుకుతుంది. ఈ సినిమాల్లో నగరంలో ఉద్యోగం చేసే ఆడమనిషి చివరికి ఆ ఉద్యోగం వదిలేసి ఊళ్ళో స్థిరపడటం ఒక శిక్షలా వస్తుంటుంది, ఆశపడటమే తప్పన్నట్టు. ఎలెన్ పనే దుకాణాన్ని నిలబెడితే ఆమె దాన్ని ఎందుకు వదలాలి? చివరి పేజీలో ఆమె ఫోన్లో రాజీనామా చెప్పే సీను తీసెయ్.

ఇక ప్రియ పాత్ర సంగతి. ఎలెన్ స్నేహితురాలుగా మన అమ్మాయిని పెట్టావు, సంతోషం. కాని ఆమె ఏడు సీన్లలోనూ చేసేది "నువ్వతన్ని ప్రేమిస్తున్నావు" అని ఎలెన్‌కు చెప్పడమే. తెల్లవాళ్ళ కథ పక్కన తెల్లజాతి కాని స్నేహితురాలిని నిలబెట్టి చేతులు దులుపుకోవడం ఈ ఛానళ్ళ మీద ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదు. వాళ్ళూ మెల్లగా మారుతున్నారు, 2020లో హాల్‌మార్క్ 'ది క్రిస్మస్ హౌస్'లో ఒక స్వలింగ జంటను ప్రధాన పాత్రల్లో పెట్టింది. ప్రియను గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబపు పిల్లను చెయ్. ఈ సినిమాల క్రిస్మస్‌లో చాలాసార్లు చెట్టుంటుంది, కుకీలుంటాయి, ప్రార్థన ఉండదు. ప్రియ ఇంట్లో ఉంటుంది. వాళ్ళమ్మ వరండాలో కాగితపు నక్షత్రం వేలాడదీసి లోపల బల్బు పెట్టిస్తుంది, తెలుగు పాటలు పాడుకుంటారు, 24 రాత్రి ఆరాధనకు రెండు గంటలు కారులో వెళ్ళాలి. కాబట్టి ఊరి దీపాల వేడుకకూ, అమ్మతో చర్చికీ మధ్య ప్రియ ఒకటి ఎంచుకోవాలి. ఆమెకూ ఒక గడువు, ఒక కోరిక వచ్చాయి. నక్షత్రానికయ్యే ఖర్చు కూడా ఎంత తక్కువో చూడు.

దీన్నే తర్వాత సంక్రాంతికి మార్చి తెలుగులో రాస్తానన్నావు. చెట్టు తీసి ముగ్గు పెడితే సరిపోదు. సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలు, ఇద్దరికి పది నిమిషాల ఏకాంతం దొరకదు, అక్కడి అడ్డంకి ఉద్యోగం కాదు, అత్తలూ బాబాయిల మాట. అది వేరే నిర్మాణం, వేరే ఉత్తరం.

మాటల్లో 'క్రిస్మస్ స్ఫూర్తి', 'పండగ మహిమ' అన్నవి పద్నాలుగుసార్లు లెక్కపెట్టాను. అన్నీ కొట్టెయ్. ముందు 56వ పేజీ సీను రాసి పంపు, గోడలు పట్టుకున్న ఆ నాలుగు చేతుల సీను. రాయబోయే ముందు ఒకసారి నీ వంటింట్లో ఆ ఇల్లు కట్టి చూడు, ఐసింగ్ పట్టడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం పెట్టి రాసుకో. డైలాగు పొడవు అంతే ఉండాలి.

ఆశీస్సులతో,
మాస్టారు