తిట్టినా ఫోన్ వదలడు: నిగ్రహం లేకా?

కడపలో ఇంటర్ చదివే మీ అబ్బాయి రాత్రి ఒంటిగంటదాకా రీల్స్ చూస్తున్నాడు, నిగ్రహమే లేదా అని అడిగారు. లేకపోవడం కాదండీ, ఇంకా తయారవుతోంది. మనల్ని ఆపే మెదడు ముందుభాగం పాతికేళ్ల దగ్గరికి గానీ పూర్తిగా ఎదగదు. సరదా కోరే భాగం ఈ వయసుకే జోరుమీదుంటుంది. పైగా రీల్స్‌కు చివరంటూ లేదు, వేలితో తోస్తే ఇంకోటి.

అందుకే తిట్లకన్నా ఏర్పాటు ముఖ్యం. రాత్రి ఫోన్లు హాల్లోనే ఛార్జింగ్ పెట్టండి, మీది కూడా. నోటిఫికేషన్లు ఆపించండి. కడప ఎండలకు పగలంతా ఇంట్లోనే ఉంటాడు కదా, పొద్దువాలాక క్రికెట్‌కు పంపండి. లాక్కుంటే మాత్రం గొడవే మిగులుతుంది.

నిద్ర, చదువు, స్నేహాలు నెలల తరబడి దెబ్బతింటుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.